మత్తు వాయువులూ కాలేయమూ: ఆపరేషన్‌కు ముందు ఎవరికి ఏది తగినది

నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేట, తిరుపతి వైపుల నుంచి ఆపరేషన్ కోసం చెన్నై వచ్చే తెలుగు కుటుంబాలను మత్తు డాక్టరుగా నేను చాలా ఏళ్లుగా చూస్తున్నాను. ఆపరేషన్‌కు ఒకటి రెండు రోజుల ముందు ఫిట్‌నెస్ కోసం మా గదికి వచ్చినప్పుడు వారిలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది: "గ్యాస్ మత్తు వల్ల లివర్ పాడవుతుందట కదా, మాకు ఏది ఇస్తారు?" ప్రశ్న సరైనదే. అయితే ఏ వాయువు మంచిదో చెప్పాలంటే, అడిగిన మనిషికి ఇంతకుముందు ఎప్పుడు, ఏ మత్తు ఇచ్చారో, ఆ తరువాత ఏం జరిగిందో ముందుగా తెలియాలి. ఆ రెండో విషయాన్నే మనవాళ్లు చెప్పడం మరిచిపోతారు.

పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ నిర్ణయమై, యాభై దాటిన ఒకావిడ కొడుకును వెంటబెట్టుకుని వచ్చారు. బీపీ, షుగరు, కాలేయ పరీక్షలు అన్నీ బాగున్నాయి. నేను సంతకం పెట్టి ఫైలు మూయబోతుండగా ఆవిడ లేచి, కుచ్చిళ్లు సర్దుకుంటూ, "ఇరవై ఏళ్ల కిందట కడుపులో గడ్డ తీసినప్పుడు మాత్రం పచ్చకామెర్లు వచ్చి చావుదాకా పొయ్యొచ్చినాను డాక్టరమ్మా, పసరు పోయిస్తే తగ్గింది" అన్నారు. మళ్లీ కూర్చోబెట్టి అడిగితే ఒక్కొక్కటిగా బయటికొచ్చింది. మొదటి ఆపరేషన్ అయిన మూడు వారాలకు కుట్లు విడిపోవడంతో రెండోసారి పూర్తి మత్తు ఇచ్చి కుట్టారు. రెండోదాని తరువాత ఐదో రోజున జ్వరం మొదలై, వారం తిరిగేసరికి కళ్లు పచ్చబడ్డాయి. ఆవిడ మా గదికి వచ్చిన రోజు రాత్రే కొడుకు ఊరికి ఫోన్ చేసి బీరువాలోని పాత కాగితాలను ఫొటోలు తీయించాడు. మడతల దగ్గర చిరిగిపోయిన రెండు మత్తు చార్టుల మీద, నాడి గీతలకు పైన, నీలి సిరాతో హాలోథేన్ అని ఒక పాత మత్తు వాయువు పేరు రాసి ఉంది. ఆ ఒక్క మాటతో మేము ఆమెకు ఇవ్వబోయే మత్తు మారిపోయింది.

హాలోథేన్ ఎందుకు తలనొప్పి అయింది

పీల్చే మత్తుకూ కాలేయానికీ వైరం కొత్తది కాదు. 1847లో ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ వాడుకలోకి తెచ్చిన క్లోరోఫాం కాలేయ కణాలను నేరుగా దెబ్బతీసే పదార్థం. ఆ క్లోరోఫాం భద్రత మీద 1888, 1889 సంవత్సరాల్లో నిజాం ప్రభుత్వ ఖర్చుతో మన హైదరాబాదులో రెండు కమిషన్లు కూర్చున్నాయి; ఎడ్వర్డ్ లారీ నడిపించిన ఆ పరిశోధనలో చర్చంతా ముందుగా ఆగేది శ్వాసా, గుండా అన్నదాని చుట్టూ తిరిగింది. కాలేయం మీద దృష్టి నిలవడానికి ఇంకా కాలం పట్టింది.

1951లో ఇంగ్లండులో చార్లెస్ సక్లింగ్ తయారుచేసిన హాలోథేన్‌ను 1956లో మాంచెస్టర్‌లో మైకేల్ జాన్‌స్టన్ రోగులకు ఇచ్చినప్పుడు, అప్పటిదాకా వాడుతున్న ఈథర్‌లా నిప్పంటుకునే భయం లేదని, వాసన తియ్యగా ఉంటుందని, పిల్లలు కూడా ఏడవకుండా పీలుస్తారని లోకమంతా దాన్ని ఆదరించింది. కొన్నేళ్లకే ఆపరేషన్ తరువాత కారణం తెలియని కామెర్లతో కొందరు చనిపోతున్నారన్న వార్తలు వచ్చాయి. అమెరికాలో ఎనిమిదిన్నర లక్షలకు పైగా మత్తుల రికార్డులను తిరగేసిన జాతీయ అధ్యయనం 1966లో వెలువడింది. కాలేయం భారీగా కుళ్లి మరణించినవారు అందులో 82 మంది ఉండగా, వారిలో ఎక్కువమందికి రక్తపోటు పడిపోవడం, ఇన్ఫెక్షన్ వంటి వేరే కారణాలే కనిపించాయి. హాలోథేన్ తప్ప మరో కారణం దొరకనివారు కొద్దిమందే. కానీ ఆ కొద్దిమందిలో తక్కువ వ్యవధిలో రెండోసారి అదే వాయువు పీల్చినవారు ఉండడం వైద్యులను ఆలోచింపజేసింది.

తరువాతి పరిశోధనలతో ఈ హాని రెండు రకాలని తేలింది. మొదటిది స్వల్పమైనది: హాలోథేన్ తీసుకున్న పెద్దవారిలో సుమారు 20 నుంచి 30 శాతం మందికి రక్తపరీక్షలో కాలేయ ఎంజైములు కాస్త పెరిగి, మనిషికి ఏ బాధా తెలియకుండానే తగ్గిపోతాయి. రెండోది అరుదు, కానీ ప్రాణాంతకం. పెద్దవారిలో 6,000 నుంచి 35,000 మత్తులకు ఒకటిగా లెక్కకట్టారు. పిల్లల్లో అంతకంటే చాలా తక్కువ. కాలేయ మార్పిడి అందుబాటులోకి రాకముందు తీవ్రరూపం దాల్చినవారిలో సగానికి పైగా చనిపోయేవారు.

రెండో రకం ఎలా పుడుతుందో అర్థమైతే మిగతా పోలికంతా సులువుగా అర్థమవుతుంది. మనం పీల్చిన హాలోథేన్‌లో దాదాపు 20 శాతాన్ని కాలేయంలోని సీవైపీ 2ఈ1 అనే ఎంజైము విరగ్గొడుతుంది. ఆ విరుపులో పుట్టే ట్రైఫ్లురోఎసిటైల్ అనే చురుకైన ముక్క కాలేయ కణాల సొంత ప్రొటీన్లకు అంటుకుంటుంది. అలా వేషం మారిన సొంత ప్రొటీన్లను కొందరి రోగనిరోధక వ్యవస్థ పరాయివిగా భావించి వాటిపై ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది. మొదటిసారి అది గుర్తుపెట్టుకోవడంతో సరిపోతుంది. రెండోసారి అదే ముక్క కనబడగానే దాడికి దిగుతుంది. అందుకే రెండోసారి మత్తు మొదటిదానికంటే ప్రమాదకరం, 28 రోజులలోపు అయితే మరింత ప్రమాదకరం. మగవారికంటే ఆడవారిలో, నడివయసువారిలో, ఊబకాయం ఉన్నవారిలో ఇది ఎక్కువగా కనిపించింది. పిత్తాశయం ఆపరేషన్‌కు వచ్చిన ఆ పెద్దావిడకు వీటిలో కొన్ని సరిపోయాయి. ఇరవై ఏళ్ల నాటి కామెర్లకు హాలోథేనే కారణమని ఈ రోజు ఎవరూ రుజువు చేయలేరు; కానీ కాదని కూడా ఎవరూ హామీ ఇవ్వలేరు కాబట్టి, అవునన్నట్టుగానే నడుచుకోవాలి.

వాయువులను పక్కపక్కన పెట్టి చూస్తే

థియేటర్‌లో మత్తు యంత్రం మీద చెంబంత లోహపు డబ్బాలు బిగించి ఉంటాయి. ద్రవంగా పోసిన మత్తుమందును ఆవిరిగా మార్చి, తిప్పుడుమీట చూపిన మోతాదులో ఆక్సిజన్‌తో కలిపేవి అవే. తప్పుగా పోయకుండా ఉండడానికి ఒక్కో మందుకు ఒక్కో రంగు: హాలోథేన్‌కు ఎరుపు, ఐసోఫ్లురేన్‌కు ఊదా, సెవోఫ్లురేన్‌కు పసుపు, డెస్‌ఫ్లురేన్‌కు నీలం. నేను చదువుకున్న రోజుల్లో ప్రతి యంత్రం మీదా ఎర్ర డబ్బా ఉండేది. ఇప్పుడు పెద్ద నగరాల థియేటర్లలో దాని చోటును పసుపూ ఊదా ఆక్రమించాయి.

ఐసోఫ్లురేన్ ఒంట్లో 0.2 శాతం మాత్రమే విరుగుతుంది. డెస్‌ఫ్లురేన్ ఇంకా తక్కువ, 0.02 శాతం దగ్గర. మిగిలినదంతా వచ్చిన దారినే ఊపిరితో బయటికి పోతుంది. హాలోథేన్‌తో పోలిస్తే కాలేయానికి పడే బరువు నూరో వంతు, వెయ్యో వంతు అన్నమాట. దానికి తగ్గట్టే ఈ రెంటి వల్ల వచ్చిన కాలేయ వాపు కేసులు చాలా అరుదు. అయితే విరిగే ఆ కాస్తలోనూ పుట్టేది అదే ట్రైఫ్లురోఎసిటైల్ ముక్క. మామూలు మనిషికి ఆ పరిమాణం లెక్కలోకి రాదు. గతంలో హాలోథేన్ వల్ల రోగనిరోధక వ్యవస్థ ఒకసారి మేల్కొన్న మనిషికి మాత్రం ఆ చిటికెడు కూడా చాలవచ్చు. డెస్‌ఫ్లురేన్ తరువాత కాలేయం దెబ్బతిన్నట్టు నమోదైన కొద్ది కేసుల్లో ముందు హాలోథేన్ పీల్చిన చరిత్ర ఉన్నవి ఉన్నాయి.

సెవోఫ్లురేన్ సంగతి వేరు. శాతాలు మాత్రమే చూస్తే ఇది 2 నుంచి 5 శాతం దాకా విరుగుతుంది, అంటే ఐసోఫ్లురేన్ కంటే పది రెట్లకు పైగా ఎక్కువ. ఇంటర్నెట్‌లో ఈ అంకె చదివి, "సెవో వద్దు డాక్టరుగారూ, ఐసో ఇవ్వండి" అని అడిగినవారు నాకు ఉన్నారు. వారి జాగ్రత్త మెచ్చుకోదగినదే కానీ ముగింపు తప్పు. సెవోఫ్లురేన్ విరిగితే వచ్చేది వేరే పదార్థం, హెక్సాఫ్లురోఐసోప్రొపనాల్. దాన్ని కాలేయం వెంటనే మరో అణువుతో కలిపి మూత్రంలోకి పంపేస్తుంది, ప్రొటీన్లకు అంటుకునే ఆ పాత ముక్క ఇందులో పుట్టదు. ఎంత విరుగుతుందన్నదానికంటే విరిగి ఏమవుతుందన్నదే ఇక్కడ ముఖ్యం. సెవోఫ్లురేన్ తరువాత కాలేయం దెబ్బతిన్న కేసులు అసలు లేవని నేను అనను, అక్కడక్కడ నమోదయ్యాయి. కానీ హాలోథేన్ పద్ధతిలో అవి రావని చెప్పవచ్చు. దీని వాసన ఘాటుగా ఉండదు కాబట్టి పిల్లలకు మాస్కు ద్వారా మత్తు మొదలుపెట్టడానికి ఇదే తగినది. ఐసోఫ్లురేన్, డెస్‌ఫ్లురేన్ గొంతును గీరి దగ్గు తెప్పిస్తాయి కాబట్టి ఆ పనికి పనికిరావు. సెవోఫ్లురేన్ మూత్రపిండాలకు హాని చేస్తుందన్న భయం ఎలుకల మీద పరీక్షల నుంచి వచ్చింది. మనుషుల్లో అలాంటి నష్టం కనిపించలేదు.

ఈ నాలుగింటిలో నా ఎంపిక అడిగితే, కాలేయం విషయంలో ఏ పాత చరిత్రా లేనివారికి సెవోఫ్లురేన్ అయినా ఐసోఫ్లురేన్ అయినా నిశ్చింతగా తీసుకోవచ్చు. ఖర్చు చూసుకోవలసినవారికి ఐసోఫ్లురేన్ చవక, కాలేయం దృష్ట్యా అందులో తక్కువతనమేమీ లేదు. డెస్‌ఫ్లురేన్ ఖరీదైనది, వేడిచేసే ప్రత్యేక డబ్బా కావాలి. దాని లాభమంతా త్వరగా మెలకువ రావడంలో ఉంది కానీ కాలేయం కోసమని అదనంగా డబ్బు పెట్టనవసరం లేదు. హాలోథేన్ ఇంకా ఎక్కడైనా వాడుతుంటే, పెద్దవారికి వేరేది అడగడమే మంచిది. మూడు నెలల లోపల ఒకసారి తీసుకున్నవారు మళ్లీ తీసుకోకూడదన్నది బ్రిటన్ ఔషధ భద్రతా కమిటీ 1986లోనే చెప్పిన మాట. వీటికి తోడుగా ఇచ్చే నైట్రస్ ఆక్సైడ్ అనే వాయువు ఈ రకమైన హాని చేయదు, అయితే అదొక్కటే పూర్తి మత్తుకు చాలదు.

వాయువు లేని మార్గాలు

మొదటిది, రక్తనాళం ద్వారా మందు ఎక్కిస్తూ మత్తును నిలబెట్టడం. పాలలా తెల్లగా ఉండే ప్రొపోఫాల్‌ను పంపు సాయంతో నిమిషనిమిషానికీ ఎక్కిస్తారు. వాయువు అక్కరలేదు కాబట్టి ట్రైఫ్లురోఎసిటైల్ ముక్క ప్రసక్తే లేదు. ప్రొపోఫాల్‌ను కాలేయమే కాక మూత్రపిండాలు కూడా వదిలించగలవు కాబట్టి కాలేయం బలహీనంగా ఉన్నవారిలో కూడా ఒక ఆపరేషన్ మేరకు ఇది చక్కగా నడుస్తుంది. దీని లోపం కూడా చెప్పాలి. వాయువు ఇస్తున్నప్పుడు రోగి విడిచే ఊపిరిలో అది ఎంత ఉందో మానిటర్ మీద ప్రతి శ్వాసకూ కనిపిస్తుంది. ప్రొపోఫాల్‌కు ఆ సౌకర్యం లేదు. దుప్పటి కింద సూది జారితే ఎవరికీ తెలియకుండా మత్తు తేలిపోవచ్చు. అందుకే ఈ పద్ధతిలో అలవాటున్న డాక్టరు, మంచి పంపు, సూది పెట్టిన చేయి కళ్ల ముందు ఉండడం, వీలైతే మెదడు తరంగాలు చూపే మానిటర్, ఇవన్నీ ఉన్నచోటే దీన్ని అడగాలి.

రెండోది వెన్నులో ఇచ్చే మత్తు, లేదా చేతికో కాలికో సంబంధించిన నరానికి మాత్రమే ఇచ్చే బ్లాక్. బొడ్డు కింది ఆపరేషన్లకు, అంటే సిజేరియన్, హెర్నియా, మోకాలి మార్పిడి వంటివాటికి, కాలేయం దృష్ట్యా ఇంతకంటే సాఫీ దారి లేదు. అయితే కాలేయ జబ్బు ముదిరినవారిలో రక్తం గడ్డకట్టే శక్తి తగ్గి, ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటాయి. వారికి వెన్నులో సూది గుచ్చితే లోపల రక్తం గూడుకట్టి కాళ్లు చచ్చుబడే ప్రమాదం ఉంది. కాలేయం బాగాలేదు కాబట్టి నడుములో మత్తే మంచిదని బంధువులు పట్టుబట్టినప్పుడు, రక్తం గడ్డకట్టే తీరు చూపే ఐఎన్ఆర్ పరీక్ష, ప్లేట్‌లెట్లు చూడకుండా ఒప్పుకోవడం తప్పు.

ఎవరికి ఏది

ఆపరేషన్ జరిగి రెండు మూడు వారాల లోపల కారణం తెలియని జ్వరంతో కామెర్లు వచ్చిన చరిత్ర ఉన్నవారికి నా సలహా స్పష్టం: వెన్నులో మత్తుతో పని జరిగేదైతే అదే, పూర్తి మత్తు తప్పకపోతే ప్రొపోఫాల్ పద్ధతి. హాలోథేన్, ఐసోఫ్లురేన్, డెస్‌ఫ్లురేన్ మూడూ వద్దు. ప్రొపోఫాల్ సౌకర్యం లేక వాయువు తప్పనిసరి అయితే సెవోఫ్లురేన్ ఆఖరి మార్గం. పిత్తాశయం ఆపరేషన్‌కు వచ్చిన ఆ పెద్దావిడకు యంత్రం మీది డబ్బాలు తీసేసి, కొత్త గొట్టాలు బిగించి, ఆక్సిజన్‌తో యంత్రాన్ని చాలాసేపు కడిగాక ప్రొపోఫాల్‌తో మత్తు ఇచ్చాం. కండరాలను వదులుచేసే మందుల్లో కూడా కాలేయంతో పనిలేకుండా రక్తంలోనే తనంతట తాను విడిపోయే అట్రాక్యూరియంను ఎంచుకున్నాం.

కొవ్వు పట్టిన కాలేయం ఈ రోజుల్లో షుగరు ఉన్న చాలామందిలో స్కానింగ్ రిపోర్టులో కనిపిస్తుంది. ఎంజైములు నిలకడగా ఉన్నంతవరకు అది హాలోథేన్ తరహా హానిని రప్పించదు. సెవోఫ్లురేన్, ఐసోఫ్లురేన్ రెండూ వీరికి సరిపోతాయి. రిపోర్టులో ఆ మాట చూసి భయపడి మత్తు మార్చమని కోరనవసరం లేదు.

అప్పుడే కామెర్లు ఉన్నవారి విషయంలో ఏ మత్తు అన్నదానికంటే ముందు ఆపరేషన్ ఇప్పుడు అవసరమా అన్నది తేల్చాలి. వైరల్ హెపటైటిస్ కానీ, మద్యం వల్ల వచ్చిన కాలేయ వాపు కానీ చురుగ్గా ఉన్నప్పుడు, ఆగగలిగిన ఆపరేషన్‌ను ఎంజైములు తగ్గేదాకా వాయిదా వేయడమే సరైన నిర్ణయం. సిర్రోసిస్ ఉన్నవారిలో, అంటే కాలేయం మచ్చలుపడి గట్టిపడినవారిలో, ప్రమాదం వాయువు వల్ల కాదు, కాలేయానికి అందే రక్తం తగ్గడం వల్ల. కాలేయం ఎంత బలహీనపడిందో చెప్పే ఛైల్డ్ పగ్ కొలమానంతో వైద్యులు వీరిని ఎ, బి, సి అని మూడు తరగతులుగా చూస్తారు; అన్నిటికంటే బలహీనమైనది సి. పొట్ట ఆపరేషన్ల తరువాత మరణాలు పాత అధ్యయనాల్లో వరుసగా 10, 30, 80 శాతం దగ్గర నమోదయ్యాయి. సి తరగతి మనిషికి ఏ గ్యాస్ ఇస్తారని అడగడంలో కాలం గడపకుండా, కాలేయ వైద్యుడిని కూడా కూర్చోబెట్టి ఆపరేషన్ అవసరం గురించే మాట్లాడాలి.

ఆపరేషన్ తరువాతి రెండు వారాలు

మన వాళ్లు నాలుగో రోజున డిశ్చార్జి అయి రైలెక్కి ఊరికి వెళ్లిపోతారు. మత్తు వల్ల వచ్చే తీవ్రమైన కాలేయ వాపు సాధారణంగా ఆ తరువాతే తల ఎత్తుతుంది. మొదట జ్వరం, అన్నం సహించకపోవడం, వాంతులు, కొందరిలో దద్దుర్లు, కీళ్లనొప్పులు. ఆ తరువాత కామెర్లు. రక్తంలో ఇయోసినోఫిల్స్ అనే కణాలు పెరగడం ఒక గుర్తు. ఊళ్లో జ్వరమని ఇంజెక్షన్ వేసి, కళ్లు పచ్చబడ్డాక పసరు పోయిస్తారు. నేల ఉసిరి అయినా, ఇక్కడ చెన్నైలో కీళానెల్లి అని పిలిచే అదే ఆకు అయినా, తాగించినవారి మీద నాకు కోపం లేదు. ఎక్కువ కామెర్లు వాటంతట అవే తగ్గేవి కావడంతో ఆ నమ్మకం ఏర్పడింది. కానీ తగ్గనివి ఏవో పసరుకు తెలియదు. మాటలో తడబాటు, పగలు నిద్రమత్తు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగకుండా కాలేయ మార్పిడి చేయగల కేంద్రానికి తీసుకురావాలి. చెన్నైలో అవి ప్రభుత్వ రంగంలోనూ ప్రైవేటులోనూ ఉన్నాయి.

అదే సమయంలో, ఆపరేషన్ తరువాతి ప్రతి కామెర్లనూ మత్తు మీద నెట్టకూడదు. రక్తపోటు బాగా పడిపోయి ఉంటే మొదటి రెండు మూడు రోజుల్లోనే ఎంజైములు వేలల్లోకి ఎగబాకుతాయి. పిత్తాశయం తీసినప్పుడు పిత్తనాళం దెబ్బతినడం, రక్తం ఎక్కించుకోవడం, ఇన్ఫెక్షన్, టీబీ మందులు, అమాక్సిసిలిన్ క్లావులనేట్ వంటి యాంటీబయాటిక్, మోతాదు మించిన పారాసెటమాల్, హెపటైటిస్ వైరస్‌లు, ఇవన్నీ వాయువు కంటే తరచుగా కనిపించే కారణాలు. వీటన్నిటినీ వెతికి, దొరకకపోతేనే మత్తు వాయువు పేరు చెప్పాలి.

డిశ్చార్జి సమ్మరీలో చాలాసార్లు "జనరల్ అనస్థీషియా" అని మాత్రమే ఉంటుంది. ఏ వాయువో ఉండదు. అది ఉండేది మత్తు చార్టులో. ఇంటికి బయలుదేరేముందు దాని జెరాక్స్ అడిగి తీసుకోండి, అడగడం మీ హక్కు. ఆ పెద్దావిడ మూడో రోజున నడుచుకుంటూ వెళ్లారు. పదో రోజు, ఇరవయ్యో రోజు నెల్లూరులో చేయించిన కాలేయ పరీక్షలను కొడుకు వాట్సాప్‌లో పంపాడు, రెండూ మామూలుగానే ఉన్నాయి. ఆమె ఫైలు మొదటి పేజీ మీద ఎర్ర సిరాతో, ఇంగ్లీషులోనూ తెలుగులోనూ, మూడు వాయువుల పేర్లు రాసి వద్దు అని కింద గీత గీశాను. రక్తసంబంధం ఉన్న ఆడవారిలో ఈ జబ్బు జంటగా కనిపించిన సందర్భాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి కాబట్టి, ఆ పేజీ ఫొటోను ఆమె కూతురికీ, గూడూరులో ఉన్న చెల్లెలికీ కూడా పంపమని ఆ అబ్బాయికి చెప్పాను.